జీడిపండు మీద పడిన నింద

మా చిన్నప్పుడు... ఈస్టర్‌కి కుట్టించిన తెల్లగౌనుతో జీడితోటలోకి వెళ్తే వీపు విమానం మోతే. జీడిపండు రసం పడిందంటే బట్ట చిరిగినా ఆ మరక పోదు. మా ఉద్దానంలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతది.

తెలిసీ వెళ్ళాను... చర్చి అయిన వెంటనే, నా నేస్తం సుజాతతో. కడుపునిండా పళ్ళు తిన్నాం. తిరిగొస్తుంటే, గౌను వెనక మరకంటిందని సుజాత చెప్పింది. పండు మీద కూర్చున్నాననుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నూతి దగ్గర గౌను తడిపి రుద్దితే... మరక పోయింది! దేవుడు నా ప్రార్థన విన్నాడనుకున్నాను. కాసేపటికి మార్చుకున్న లంగాకీ అంటింది. ఈసారి నేను ఏ పండు మీదా కూర్చోలేదు. ఏడుస్తూ వెళ్ళి, తోటకెళ్ళిన నేరం అమ్మ దగ్గర ఒప్పేసుకున్నాను.

అమ్మ కొట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది. పాతచీర చింపి, ఎలా కట్టుకోవాలో చూపించి, ఒక్క మాటంది.

"ఎవులికీ సెప్పకు."

ఎందుకొచ్చిందో చెప్పలేదు. అందుకని కారణం నేనే కనిపెట్టాను... జీడిపళ్ళు! ఆ రోజు నుంచి వాటిని ముట్టలేదు. మరుసటి నెలా వచ్చింది. ఉప్మాలో జీడిపప్పు ఏరి పక్కన పెట్టాను. పళ్ళ కాలం పోయి వానలు పడ్డాయి... అయినా వచ్చింది. గుడ్డ జారుతుందని నెలకి మూడు రోజులు బడి మానేసేదాన్ని. సైన్సు టీచరేమో ఆ పాఠం ఇంటి దగ్గర చదువుకోమని పేజీలు తిప్పేశారు. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, అప్పుడు నిజంగా చచ్చిపోతాననే అనుకున్నాను.

నర్సు ట్రైనింగు నుంచి వచ్చిన పెద్దమ్మ కూతురు విడమరిచి చెప్పేసరికి... రెండు వేసవుల జీడిపళ్ళు పోయాయి.

మొన్న పలాసలో మందుల షాపుకి ముగ్గురం వెళ్ళాం... అమ్మ, నేను, మా అమ్మాయి. ప్యాడ్లు కావాలని మా పిల్ల అందరి ముందూ అడిగింది. షాపతను పేపర్లో చుట్టబోతే అక్కర్లేదంది. బయటికొచ్చాక ఉండబట్టలేక, అప్పుడు నాకెందుకు చెప్పలేదని అమ్మని అడిగేశాను.

"నాకు మాత్రం ఎవులు సెప్పినారే? పెళ్ళయ్యేదాకా నాను పనసతొనల వల్లనుకున్నాను."

రోడ్డు మీదే ముగ్గురం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. తర్వాత నాకు బాధేసింది... అమ్మకి పనసతొనలంటే ప్రాణం.

కాలం మారింది, మంచికే మారింది. అది సరే గానీ... మీరు ఏ పండు మానేశారు?