సోల్వై నీడతోట

సోల్వైకి ఎండంటే ప్రాణం. పెళ్ళయి డెన్మార్క్‌లోని ఒక దీవికి వచ్చినప్పుడు పెరడంతా గులాబీలు వేసుకుంది. పక్కింటి ఐనర్ దొడ్లో బీచ్ అనే పెద్ద అడవిజాతి చెట్టు ఉండేది; దాని కొమ్మలు ఏటేటా పెరిగి, గోడ దాటి వచ్చి పెరటిమీద గొడుగు పట్టాయి. గులాబీలు ఒక్కటీ బతకలేదు.

"నాలుగు కొమ్మలు కొట్టించవయ్యా, నీ సొమ్మేం పోతుంది?"

"మా తాత నాటిన చెట్టు. నీ పూల కోసం దాని చేతులు నరకమంటావా?"

అంతే, ఇద్దరి మధ్యా మాటలు లేకుండా పోయాయి. ఏళ్ళు గడిచాయి. సోల్వై భర్త కూడా పోయాడు.

ఆ మరుసటి వసంతంలో అడవిలో నడుస్తూ ఆమె ఆగిపోయింది. ఇంకా ఆకు తొడగని బీచ్ చెట్ల కింద, పాలు ఒలికినట్టు తెల్లపూలు! నీడ ముసురుకునేలోగా పూసేసి, ఆపైన నేలలోకి వెళ్ళి నిద్రపోయే పూలు. ఆ రోజు నుంచి ఆమె నీడతో పోట్లాట మానేసింది. ఆ అడవిపూల దుంపలు తెచ్చి పెరట్లో వేసి, వాటికి తోడు మంచులో పూలు విచ్చే హెలిబోర్లు, చుక్కల ఆకుల లంగ్‌వర్ట్, ఏనుగు చెవులంత ఆకుల హోస్టాలు నాటింది. చలికి మాయమైనవి కూడా ఏటేటా వాటంతటవే మళ్ళీ లేచేవి. వేసవిలో బీచ్ ఆకుల గుండా దిగే ఆకుపచ్చ వెలుగులో చెరువడుగున ఉన్నట్టుండేది. కాఫీ చల్లారిపోయినా తెలియకుండా, ఇది ఏ సంవత్సరమో మరచి కూర్చునేది. ఆకుల సవ్వడిలో భర్త ఈల వినిపించినట్టయ్యేది.

ఒక శరదృతువు గాలివానకు బీచ్ చెట్టు గోడను కూల్చుకుంటూ పడిపోయింది. ఐనర్ టోపీ చేత పట్టుకుని మొద్దుమీద కూర్చున్నాడు. సోల్వై కాఫీ పట్టుకెళ్ళింది.

"ఇక నీకు ఎండే ఎండ. గులాబీలు వేసుకో," అన్నాడతను తలెత్తకుండా.

ఆమెకు ఏడుపు ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

మరుసటి వేసవికి, నీడ లేక సోల్వై మొక్కల ఆకులన్నీ అంచులు మాడిపోయాయి. కూలిన గోడ దగ్గర నిలబడి ఐనర్ చాలాసేపు చూశాడు.

"నాతో మాట్లాడకుండానే నా చెట్టు కింద ఇంత సంసారం పెట్టావా? మా ఇంటి ఉత్తరపు గోడకి ఎండ తగలదు. వానలు పడగానే తెచ్చి నాటు."

నాటారు. దుబ్బుల్ని మట్టితో సహా అతనే మోశాడు.

ఫిబ్రవరిలో మంచు మీద ఊదారంగు హెలిబోర్లు విచ్చాయి.

"ఇవెందుకమ్మా తల దించుకుంటాయి?"

"పుప్పొడి తడవకూడదని. ముఖం చూడాలంటే నువ్వే వంగాలి."

ఐనర్ మోకాళ్ళమీద కూలబడి, చెంప మంచుకు ఆనించి పైకి చూశాడు. "అబ్బ, లోపలంతా చుక్కలే!" అన్నాడు. సోల్వై కూడా అతని పక్కనే మోకరిల్లింది.