నేను చూపించిన కోపెన్‌హాగన్

కోపెన్‌హాగన్ నగరం గురించి నేను ముప్పావు గంట అనర్గళంగా మాట్లాడగలను. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మన తెలుగువాళ్ళ ముందు ఒకసారి మాట్లాడాను కూడా. ఆ ఊళ్ళో నేను కాలు పెట్టలేదన్న సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎనభయ్యో దశకం సగం దాటాక ఒక వేసవిలో ఒక్కణ్ణే ఇండియా వెళ్తూ, టికెట్ చవకని ఆ ఊరి మీదుగా వెళ్ళాను. మధ్యలో అక్కడి విమానాశ్రయంలో తొమ్మిది గంటలు ఆగాలి. ఊరు చూసి వద్దామని దర్జాగా కౌంటర్ దగ్గరికి వెళ్తే, అధికారి నా ఇండియన్ పాస్‌పోర్టు తిరగేసి, వీసా లేదని, వేలితో బెంచీ చూపించాడు. నా వెనకున్న అమెరికన్లు కబుర్లాడుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బెంచీ ఎదుటి దుకాణంలో ప్రొజెక్టర్‌లో వేసుకునే ఊరి ఫోటో స్లైడ్లు ప్యాకెట్లుగా అమ్ముతున్నారు. రెండు కొన్నాను. మా శనివారం విందుల్లో ఒక డాక్టరుగారు లండన్, పారిస్ స్లైడ్లు వేస్తుంటే మేమంతా పులిహోర ప్లేట్లు పట్టుకుని ఆహా అనేవాళ్ళం. నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారైనా ఆ ప్రొజెక్టర్ పక్కన నేను నిలబడాలని ఉండేది.

నిలబడ్డాను. గోడకు దుప్పటి కట్టి, లైబ్రరీ పుస్తకంలో బట్టీ పట్టినదంతా అప్పజెప్పాను. కాలవ గట్టున ఎరుపు, పసుపు రంగుల ఇళ్ళు. రాణిగారి కోట ముందు ఎలుగుబంటి తోలు టోపీల కాపలావాళ్ళు. మెట్లకు బదులు లోపల చుట్టూ వాలుదారి ఉన్న గుండ్రటి గోపురం, దాన్ని ఎక్కితే ఎర్ర పెంకుల కప్పులు. సూటు వేసుకుని సైకిల్ తొక్కే ఆఫీసర్లు. రేవు దగ్గర బండ మీద కూర్చున్న సాగరకన్య. ఒక్క స్లైడ్‌లోనూ మీరు లేరేమిటని ఎవరో అడిగితే, “తీసేవాణ్ణి నేనే కదండీ!” అన్నాను. అందరూ నవ్వారు.

మా ఆఫీసులో ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే ఒకాయన మాత్రం నవ్వలేదు. గుంటూరువైపు మనిషి, మెత్తన. ఆయన ఏడేళ్ళ కూతురు సాగరకన్య స్లైడ్ మళ్ళీ వేయించుకుంది. “వీసా అదీ అక్కర్లేదా అండీ?” అని ఆయన అడిగితే, “అబ్బే, నేరుగా వెళ్ళిపోవడమే!” అన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

మరుసటి వేసవి వాళ్ళు ముగ్గురూ ఆ దారినే ఇండియా వెళ్ళొచ్చారు. తరవాతి విందు మా ఇంట్లోనే. అందరి ముందూ ఆయన అడిగాడు.

“మీరు చెప్పినట్టే కౌంటర్‌కి వెళ్ళామండీ. వీసా ఏదన్నాడు. మా ఫ్రెండ్ లాస్ట్ ఇయర్ వీసా లేకుండానే వెళ్ళాడని ఆర్గ్యూ చేశాను. ఆఫీసర్ వచ్చి గట్టిగా అరిచి, రూమ్‌లో కూర్చోబెట్టేశాడు. పాప ఒకటే ఏడుపు. మిమ్మల్నెలా వదిలారండీ?”

ఆయన నిలదీయడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. డాక్టరుగారు నావైపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

“అడిగే పద్ధతి ఒకటుంటుందండీ,” అన్నాను. “మీ ఇంగ్లీష్ వాడికి అర్థమై ఉండదు. కాన్ఫిడెంట్‌గా మాట్లాడాలి.”

ఆయన భార్య ఆయన వంక చూసింది. పాప కూడా చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నిజమే, నాకు అంత చొరవ లేదు,” అని నవ్వబోయి, ప్లేట్ కడగడానికి లేచాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

అందరూ వెళ్ళాక నా భార్య అంది: “నోరు జారారంటే సరిపెట్టుకుందును. మీరు జారలేదు. కావాలనే అన్నారు.”

ఆ తరవాత ఆయన సొంతంగా ఏ ఆఫీసుకూ వెళ్ళడం మానేశాడు. కారు లైసెన్స్‌కైనా, స్కూల్ ఫారానికైనా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. నిజానికి ఆయన ఇంగ్లీష్ నాదానికన్నా శుభ్రంగా ఉండేది. చెబుదామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. అది చెబితే మిగతాది కూడా చెప్పాలి.

కొన్నేళ్ళకు ఆయన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ రోజున డెట్రాయిట్‌కి నేనే డ్రైవ్ చేశాను. లోపలికి మాత్రం ఆయన ఒక్కడే వెళ్ళాలి. పావుగంటలో పాసై బయటికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అంతా మీ చలవండీ! ఇక అమెరికన్ పాస్‌పోర్ట్ వస్తుంది. సాగరకన్యను చూపిస్తానని పాపకిచ్చిన మాట అలాగే ఉండిపోయింది. ఈసారి అందరం కలిసే వెళ్దాం. ఊరంతా మీకు తెలుసు కదా, మీరే దగ్గరుండి చూపించాలి.”

“అలాగేనండీ,” అన్నాను.