సాయితేజ కుడిచెయ్యి

శేషుకుమారి మెల్‌బోర్న్‌లో మత్తు డాక్టరు. పాతికేళ్లలో ఆవిడ పడుకోబెట్టిన మనుషుల్ని వరసగా నిలబెడితే, ఆ వరస కేరమ్ డౌన్స్ గుడి దగ్గర మొదలై సముద్రంలోకి దిగుతుందని భర్త రామ్మోహన్ అంటాడు. "నువ్వు సూదితో పడుకోబెడతావు, నీ కొడుకు గుద్దుతో పడుకోబెడతాడు. ఈ ఇంట్లో మెలకువగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే" అనేదీ ఆయనే.

కొడుకు సాయితేజ హెవీవెయిట్ బాక్సరు. ఆరడుగుల అయిదంగుళాలు, నూట పన్నెండు కిలోలు. వాడు వంటింట్లో నిలబడ్డ ఫోటో రేపల్లెలో చుట్టాలకి పంపితే, ఫ్రిజ్ అంత చిన్నది కొన్నారేమిటని అడిగారు. వాడు యూనివర్సిటీలో ఇంజనీరింగ్ రెండో ఏడు మానేసి గ్లౌజులు తొడుక్కున్నప్పుడు శేషుకుమారి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెట్టి ఒక్క షరతు చెప్పింది.

"నువ్వు కొట్టేది నేను చూడను. కొట్టించుకునేది అసలే చూడను."

"ఫేర్ ఎనఫ్, మమ్" అన్నాడు వాడు.

ఆరేళ్లుగా ఆవిడ ఒక్క ఫైటు కూడా చూడలేదు. ఫైటున్న రోజు కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరేది. ఆస్ట్రేలియాలో కొనే కందిపప్పులో రాళ్లుండవు. అయినా ఏరేది.

సాయితేజ పద్నాలుగు ఫైట్లు గెలిచాడు, రెండు ఓడాడు. ఆ రెండూ ఎడమచేతివాటం వాళ్ల మీదే. ఇంకో ఆరు వారాల్లో బ్రిస్బేన్ నుంచి జారెడ్ అనేవాడు వస్తున్నాడు. వాడిదీ ఎడమచేతివాటమే. గెలిస్తే సాయితేజకి జాతీయ టైటిల్ కోసం తలపడే అవకాశం వస్తుంది. ఓడితే ఇక పైకొచ్చే కుర్రాళ్లకి మెట్టుగా పనికొస్తాడని కోచ్ వారెన్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆ వారెనే ఒక శనివారం పొద్దున శేషుకుమారికి ఫోన్ చేశాడు. "డాక్టర్, మీరొకసారి జిమ్‌కి రావాలి. తేజ కుడిచెయ్యి తేడాగా ఉంది."

డాండెనాంగ్‌లో జిమ్ చేరేలోపు శేషుకుమారికి తెలిసిన నరాల జబ్బులన్నీ కారెక్కి పక్క సీట్లో కూర్చున్నాయి.

వారెన్ పాత బాక్సరు. ఆయన ముక్కు రెండు చోట్ల మలుపు తిరిగి ఉంటుంది. ఆవిడకి కుర్చీ వేసి చెప్పాడు. "కుడిచెయ్యి దవడ దగ్గర కాపలా కాయాలి. ఎడమచేతివాడు ఎదురైతే చాలు, ఒక్క సెకను దానంతటదే కిందికి దిగిపోతోంది. సరిగ్గా అప్పుడే దెబ్బ పడుతుంది. స్కాన్లన్నీ తీయించాం, ఏమీ లేదన్నారు. వీణ్ణడిగితే అసలు దించలేదంటాడు."

"ఐ స్వేర్, అమ్మా. ఐ డోంట్ ఈవెన్ నో" అన్నాడు సాయితేజ బిక్కమొహంతో.

వాడు ఓడిన ఫైటు వీడియో పెట్టారు. తను పెట్టిన షరతు పక్కకి నెట్టి శేషుకుమారి చూసింది. కొడుకు చెయ్యి దవడ దగ్గర్నుంచి దిగింది. ముందుకెళ్లి ఎదుటివాడి భుజాన్ని తాకింది. వెనక్కొచ్చి తన కళ్ల దగ్గరికి వెళ్లింది. అంతలో ఎడమచేతి గుద్దు. కొడుకు కింద.

"మళ్లీ వెయ్యండి."

మళ్లీ వేశారు. మూడోసారి ఆవిడ తెరకి దగ్గరగా వంగింది. "కాళ్లు చూపించండి."

వారెన్ బొమ్మ ఆపి పెద్దది చేశాడు. సాయితేజ ఎడమ బూటు ఎదుటివాడి కుడి బూటు మీదుంది.

"అది మామూలే డాక్టర్. వాళ్లు కుడికాలు ముందు పెడతారు, మనవాడు ఎడమకాలు. తొక్కుకోకుండా కుదరదు. దానికేం?"

శేషుకుమారికి జబ్బేమిటో తెలిసింది. అంటించింది తనే.

వాడికి నాలుగేళ్లప్పుడు గుడి లైన్లో ఒక ముసలావిడకి కాలు తగిలించి పారిపోబోయాడు. రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, వీపు మీద ఒకటేసి, ఆవిణ్ణి తాకించి కళ్లకద్దించింది. ఆ తర్వాత ఆ అలవాటు వాణ్ణి వదల్లేదు. మనిషైనా పుస్తకమైనా సరే. స్కూల్లో బంతిని తన్ని దాని వెనకాలే పరిగెత్తి దణ్ణం పెట్టుకొచ్చేవాడనీ, ఈలోపు అవతలివాళ్లు గోలు కొట్టేసేవాళ్లనీ రామ్మోహన్ బార్బెక్యూ పార్టీల్లో చెబితే అందరూ పడీపడీ నవ్వేవారు.

"అది జబ్బు కాదు, వారెన్. వాడు సారీ చెబుతున్నాడు."

వారెన్ నోరు తెరిచాడు. విషయమంతా విన్నాక అక్కడున్న బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. "ముప్పై ఏళ్ల సర్వీసు నాది. మర్యాద వల్ల నాకౌటైనవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి. దీనికి మందు నా దగ్గర లేదు. మీరే మాన్పించాలి."

శేషుకుమారి చెప్పులు విప్పి రింగెక్కింది.

"రా. నా కాలు తొక్కు."

"మమ్, నో! నీ ఫుట్ బ్రేక్ అవుతుంది!"

"మరీ అంత బరువు వెయ్యకు. తొక్కరా అంటే!"

తొక్కాడు. చెయ్యి దిగింది, ఆవిడ భుజం తాకింది, కళ్లకి తగిలింది. ఆవిడ ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది. "మళ్లీ."

రోజూ పొద్దున డ్యూటీకి ముందు ఇదే పని. ఆవిడ పాదం ఉబ్బి చెప్పుల సైజు మారింది. ఇంట్లో రామ్మోహన్ ఐస్ పెడుతూ, "ఇరవై ఏళ్ల కింద ఆ ముసలావిణ్ణి వదిలేసి ఉంటే పోయేది కదే" అన్నాడు.

నాలుగో వారం ఒక రోజు సాయితేజ తొక్కాడు. చెయ్యి కదల్లేదు. తల్లి కళ్లలోకి చూస్తూనే పక్కకి జరిగాడు. వారెన్ ఈల వేశాడు. శేషుకుమారి మాత్రం తాడు పట్టుకుని నిలబడిపోయింది. ఆనాడు గుడి లైన్లో వాడి వీపు మీద వేసిన దెబ్బ ఇన్నాళ్లకి తిరిగొచ్చి తన గుండెల్లో తగిలినట్టయింది.

ఫైటు ఆదివారం మధ్యాహ్నం. కందిపప్పు ఇంట్లోనే వదిలేసి ఆవిడ హాలుకి వెళ్లింది. మూడో రౌండులో కాలు మీద కాలు పడింది. జారెడ్ పాత వీడియోలన్నీ చూసే వచ్చాడు. ఆ చెయ్యి దిగుతుందన్న ధీమాతో బలంకొద్దీ ఎడమచెయ్యి విసిరాడు. సాయితేజ చెయ్యి ఒక్కసారి వణికింది. దిగలేదు. ఆ దెబ్బ గ్లౌజుకే తగిలింది. మరుక్షణం అదే చెయ్యి ముందుకెళ్లింది. జారెడ్ మత్తెక్కిన పేషెంటులా బుద్ధిగా పడుకున్నాడు. రిఫరీ ఒకటి నుంచి పైకి లెక్కపెడుతుంటే, శేషుకుమారి ఆపరేషన్ థియేటర్ అలవాటుకొద్దీ పది నుంచి కిందికి లెక్కపెట్టింది. ఇద్దరి లెక్కా అయిపోయినా జారెడ్ లేవలేదు.

లోపల గదిలో సాయితేజ తల్లిని అమాంతం వాటేసుకున్నాడు. ఆ తొందరలో ఆవిడ వాచిన పాదం మీద బూటు పడింది.

"అబ్బా!"

వాడు కిందికి చూశాడు. చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. "మమ్... ఇప్పుడు ఓకేనా?"

"అద్దుకోరా, ఇక్కడెవడు కొడతాడు నిన్ను!" అన్నాడు రామ్మోహన్.

గుమ్మం దగ్గర వారెన్ గొంతు సవరించుకున్నాడు. "టైటిల్ ఉన్నవాడిది కూడా ఎడమచేతివాటమే, డాక్టర్."

శేషుకుమారి తన పాదం వెనక్కి లాక్కుంది. రామ్మోహన్ నమ్మలేనట్టు భార్య వైపు చూశాడు. ఆవిడ గాలిలో ఆగిపోయిన కొడుకు చెయ్యి అందుకుని, పైకెత్తి, మునివేళ్ల మీద నిలబడి వాడి దవడకి ఆనించింది.

"ఇక్కడుండాలి" అంది.