నేను రాయకుండా వదిలిన మాట

నా చిన్నప్పుడు నేను చేసిన తుంటరి పనులన్నీ మా మనుమలకు నవ్వుతూ చెబుతుంటాను, ఇదొక్కటి తప్ప. దీనికి ఇప్పటికీ నోరు రాదు.

కొత్తవాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా తాతయ్య నాలుగు మగ్గాల మీద జంపఖానాలు నేయించేవాడు. ఒక మగ్గం మా నేత పెద్దమ్మది. ఆమె మాకు చుట్టమేమీ కాదు, పిల్లలందరం అలా పిలిచేవాళ్లం. ఒక మధ్యాహ్నం మిగతావాళ్లతో పాటు ఆమె అన్నానికి వెళ్లినప్పుడు, నా బొమ్మకు జడ అల్లాలని ఆమె మగ్గం మీద నిలువుగా బిగించి ఉన్న పడుగు దారాలు గుప్పెడు కత్తిరించాను. పడుగు తెగితే నేత ఆగిపోతుందని మగ్గాల మధ్య పెరిగిన నాకు తెలియదనడానికి లేదు. దారాలు ఎర్రగా ముద్దొచ్చాయి, అంతే.

తాతయ్య కోపం నేత పెద్దమ్మ మీదికి పోయింది. రెండు రోజుల ముందు సెలవు ఇవ్వలేదన్న కసితో ఆమే కోసిందని, ఇక పనికి రావద్దన్నాడు. నేను బొమ్మను బియ్యం డబ్బా వెనక దాచి ఊరుకున్నాను.

పది రోజులు ఇంట్లో కూర్చుని, చివరికి ఆమె మా పక్కింటి వకీలు దగ్గరికి వెళ్లింది. పనివాళ్ల తగాదాల్లో ఆయన ఇరువైపులా విని సర్దిచెప్పే మనిషి. తాతయ్య వెంట నేనూ వెళ్లాను. వాళ్లిద్దరినీ తన వరండాలో కూర్చోబెట్టి, తాతయ్యతో "కాకా, పనిల నుంచి తీసేసే ముందు ఆమె చెప్పేది ఇనాలె గద. అడగకుంట ఎట్ల తీసేస్తవు?" అన్నాడు. ఆమెకు చదువు రాదు. నా దస్తూరి బాగుంటుందని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయమని నాకు కాగితమిచ్చి, తాతయ్యను లోపలికి తీసుకుపోయాడు.

ఆమె మెల్లగా చెప్పింది. "నేను కొయ్యలే. అన్నానికి పోయినప్పుడు దారాలు మంచిగనే ఉన్నయి. ఒచ్చేసరికి తెగినయి. అప్పుడు షెడ్ల సేటు మనుమరాలు ఒక్కతే ఉండె." ఆ చివరి మాట నా వైపు చూడకుండా అంది. నేను దానికి ముందు దాకా రాసి, కలం మూసేశాను. ఆ మాట లేకపోతే ఆమె పని పోయినట్టేనని నాకు అర్థమైంది. అయినా మూసేశాను.

వేలిముద్ర వేసే ముందు వకీలు తాతయ్యతో బయటికొచ్చి కాగితం ఆమెకు చదివి వినిపించాడు. "ఇంతేనా అమ్మా? ఏమన్న ఇడిసిపెట్టిందా?" అనడిగాడు. ఆమె నన్నొకసారి చూసింది. "ఇంతే సారూ. బిడ్డ మంచిగ రాసింది" అని బొటనవేలు సిరాలో అద్దింది.

ఆ వేలు కాగితం మీదికి వస్తుంటే తట్టుకోలేక బోరుమన్నాను. అంతా చెప్పేశాను.

ఆమెను పనిలోకి పిలిచారు. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నది మాత్రం నన్ను. ఎంత నిజాయితీ గల పిల్లని తాతయ్య జిలేబీ తెప్పించాడు. నేను సిగ్గు లేకుండా తిన్నాను. తప్పయిందని ఆమెతో ఎవరూ అనలేదు. మర్నాడు ఆమె తెగిన పోగులు ఒక్కొక్కటే ముడి వేసుకుంటూ, "ఈ కొస జర పట్టుకో బిడ్డా" అంటే పట్టుకున్నాను. అప్పుడైనా తప్పయిందని అనలేదు.

ఇప్పుడు నా ముందు ఎవరైనా తలవంచుకుని "ఇంతే" అంటే, ఇంకేమైనా ఉందా అని మళ్లీ అడుగుతాను. నేత పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమెతో అనాల్సిన మాట ఇంకా నా దగ్గరే ఉంది.