కట్టినామె బతికే ఉందా?

పర్యావరణానికి నేను చేసిన మొదటి మేలు ఎనిమిదో తరగతిలో బడి మానేయడం. ఆ తర్వాత నా వల్ల ఒక్క కాగితం కూడా ఖరాబు కాలేదు. రెండో మేలు రాయచూరులో పాతబట్టల దుకాణం పెట్టడం. మొదటిదానికి మా నాన్న కొట్టాడు, రెండోదానికి మా ఆవిడ నవ్వింది. రెండిట్లో దెబ్బలే నయం.

పాతబట్టలంటే సంతలో కుప్ప పోసి అమ్మే రకం కాదు. ముప్పై నలభై ఏళ్ల కిందటి నేతచీరలు, మా నాన్నల కాలపు చొక్కాలు, ఇప్పుడు ఎవరూ వేయని అంచులు. వాటిని ఉతికించి, చిరుగులు కనపడకుండా కుట్టించి, ఇస్త్రీ చేయించి హ్యాంగర్లకు తగిలిస్తాను. బెంగళూరులో చదివొచ్చిన పిల్లలు దీన్ని వింటేజ్ అంటారు. మా వీధివాళ్లు చచ్చినోళ్ల బట్టలంటారు.

చిక్కంతా ఆ రెండో పేరుతోనే. కొనేవాళ్లు ధర తర్వాత అడుగుతారు. చీర చేతిలోకి తీసుకుని, రంగు చూసి, అంచు నిమిరి, గొంతు తగ్గించి మొట్టమొదట అడిగేది ఒకటే. "ఇది కట్టినామె బతికే ఉందా?"

మొదట్లో నిజం చెప్పేవాణ్ని, నాకు తెలియదని. చెయ్యి కాలినట్టు చీర వదిలేసి పోయేవాళ్లు. నెల తిరిగేసరికి నాకు తెలివొచ్చింది. అప్పటినుంచి నా దుకాణంలో ఎవరూ చావలేదు. ఈ చీర ఆమె సింధనూరులో కొడుకు దగ్గరుంది, ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. ఆ చొక్కా సారు తెల్లారకముందే లేచి నాలుగు మైళ్లు నడుస్తాడు. ఇంతమంది ప్రాణాలు ఏ డాక్టరూ నిలబెట్టి ఉండడు.

నాకు సరుకు తెచ్చేది ఒక గిన్నెలామె. నెత్తిన స్టీలు సామాన్ల గంప పెట్టుకుని వీధివీధీ తిరుగుతుంది. పాతబట్టలు తీసుకుని గిన్నెలిస్తుంది. అందులో మంచి నేత ఏదైనా తగిలితే పక్కకు తీసి నాకమ్ముతుంది. పోయినేడాది ఒకరోజు ఆమె గంప అడుగునుంచి ఒక గద్వాల చీర తీసింది. వంకాయరంగు నూలు, పసుపుపచ్చని పట్టు అంచు. మడతల దగ్గర తప్ప ఎక్కడా నలగలేదు. దాన్ని ఎదురుగా అందరికీ కనపడేట్టు తగిలించాను.

రెండు రోజులకే కాలేజీలో పాఠాలు చెప్పే ఒక అమ్మాయి వచ్చింది. ఆమెకు పెళ్లి కుదిరింది. వేలు పోసి కొత్త పట్టుచీర కొని, ఒక్కపూట కట్టి బీరువాలో పాతిపెట్టడం తనకిష్టం లేదంది. ఈ చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది. అంచు సర్దుకుంటూ అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "అన్నా, పీటల మీద నేనిదే కడత" అంది చివరికి.

మర్నాడు వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చింది.

"ఏంది తమ్ముడు, మా పిల్లకు పాతచీర అంటగడుతున్నవంట."

"పాతది గాదక్కా, పండింది."

"కట్టినామె బతికే ఉందా?"

"బరాబర్ ఉంది."

"మొగడు?"

ఈ ప్రశ్న నాకు కొత్త. అయినా నాలుక ఆగలేదు. "ఆయన గూడ ఉన్నడు. ఇద్దరు చిలకాగోరింకల తీరుగ ఉంటరు."

"అట్లయితే చూయించు" అందామె.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "పుస్తె కట్టించుకునే చీర. ఎవరిదో ఏందో తెల్వకుండ ఎట్ల కట్టనిస్త? ఆమెను పసుపు కుంకుమలతోని నా కండ్లతో చూస్త. లేదంటే గద్వాల పోయి కొత్తది తెస్త."

వాళ్లమ్మ మెట్లు దిగాక అమ్మాయి వెనక్కొచ్చింది. "అన్నా, అమ్మ వద్దంటే నేను కట్టలేను. ఎట్లన్న జేసి చూయించు." ఆ ముఖం చూశాక, నేను చెప్పింది అబద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

గిన్నెలామెను వెతుక్కుంటూ పోయాను. అదృష్టం, ఆమెకు చీర గుర్తుంది.

"దేవసూగూరు దిక్కు, కరెంటు కాలనీల. ముంగట కాకరతీగ ఉంటది. నెల కింద పెద్దాయన ఇచ్చిండు."

"మరి ఇంట్లామె?"

"ఆమె లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. నేను గిన్నెలు అమ్మ పోయిన్నా, జనం లెక్క రాయ పోయిన్నా?"

ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. తల్లీకూతుళ్లు ముందు సీట్లో, నేను వెనక, చీర నా ఒళ్లో. ఇంట్లో ఆడమనిషి లేదు, మగాడొక్కడే భార్య చీరలు తీసి ఇచ్చేస్తున్నాడు. దీనర్థం తెలుసుకోవడానికి ఎనిమిదో తరగతి చాలు. బస్సు దేవసూగూరు చేరేలోపు ఆ ఊరి దేవుడు సూగూరేశ్వరుడికి ఐదు కొబ్బరికాయలు మొక్కాను. ముక్కూ మొహం తెలియని ఒకామె ప్రాణం కోసం. అదీ ఉంటే నిలపమని కాదు, పోయి ఉంటే వెనక్కి తెమ్మని.

కాకరతీగ ఇల్లు కనిపించింది. తలుపు తీసినాయన కోస్తావైపునుంచి వచ్చి కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. నమస్కారం పెట్టబోయి నా చేతిలో చీర చూసి ఆగిపోయాడు.

"ఇది మీ దగ్గరికెలా వచ్చిందండీ?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"సార్, ఒక్క మాట. అమ్మగారు..."

"లేదు. ఆవిడ లేదు. ముందు దాన్ని పట్టుకుని మీరిక్కణ్ణుంచి వెళ్లండి."

నా వెనక అమ్మాయి తల్లి చెప్పు అప్పుడే గేటు వైపు తిరిగింది. అమ్మాయి కదల్లేదు. చీర అంచు రెండు వేళ్లతో పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడు లోపలినుంచి వినిపించింది. "ఎవరండీ వచ్చింది?"

ఆ గొంతులో మాధుర్యమేమీ లేదు. బిందె మెట్ల మీంచి దొర్లినట్టుంది. నాకు మాత్రం అంత మంచి పాట ఏ రేడియోలోనూ వినలేదనిపించింది. చేతిలో గరిటెతో, రూపాయంత కుంకుమబొట్టుతో ఆమె గడపలోకి వచ్చింది. పెళ్లికూతురి తల్లి గేటు దగ్గర ఆగి, ఆమెను నుదుటినుంచి మెట్టెల దాకా చూసి, తృప్తిగా వెనక్కొచ్చింది.

ఆమె మాత్రం మమ్మల్ని చూడలేదు. చీరనే చూస్తోంది. "ఏవండీ, ఇది నా గద్వాల చీర కాదూ?"

ఆయన కాకరతీగకు ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టడం మొదలెట్టాడు. గరిటె ఒకసారి గాల్లోకి లేచాక నిజం ముక్కలుముక్కలుగా బయటికొచ్చింది. ఆమె కూతురి పురిటికి వెళ్లి మూడు నెలలుంది. ఈయన ఒకరోజు పొయ్యిమీద పాలు పెట్టి నిద్రపోయాడు. గిన్నె బొగ్గయింది. ఆమె వచ్చేలోగా అలాంటిదే ఒకటి తెచ్చిపెట్టాలని, గిన్నెలామెను పిలిచి బీరువా అడుగునున్న చీర ఇచ్చేశాడు.

"నువ్వెప్పుడూ కట్టుకోవు కదా అని..."

"నేను మీతో మాత్రం ఎప్పుడు మాట్లాడుతున్నాను? అందుకని మిమ్మల్నీ ఇచ్చేశానా? ఈ చీర అక్కడే మరిచిపోయానని నా కూతురితో ఫోన్లో పోట్లాడాను. పచ్చి బాలింత, దాని చేత బీరువాలో బట్టలన్నీ తీయించాను."

నేను చీర ముందుకు చాపాను. "అమ్మా, మీ చీర మీరు తీస్కోండి." దుకాణం పెట్టాక నేను చెప్పిన మొదటి నిజాయితీ మాట అదేనేమో. అమ్మాయి అంచు మీంచి వేళ్లు తీసేసింది. ఒక్కొక్క వేలూ.

ఆపింది ఎవరో తెలుసా? ఆ చీరే వద్దన్న తల్లి.

"అక్కా, జర ఆగు. ఈ చీర మా పిల్లకియ్యి. ఇన్నేండ్ల సంసారమైనంక గూడ మీరిద్దరు గింత జోరుగ కొట్లాడుతున్నరు. గిసొంటి జంట చీర నాకింకేడ దొరుకుతది?"

గరిటె కిందికి దిగింది. ఆమె మొదటిసారి అమ్మాయి వైపు చూసింది. "నీకా పెళ్లి? లోపలికి రా. కట్టుకో, చూద్దాం."

వసారాలో ఆయనా నేనూ మిగిలాం. ఆయన నా వైపు వంగి, "గిన్నె మాత్రం మంచి మందమండీ" అన్నాడు.

అమ్మాయి బయటికొచ్చింది. ఇంటామె వెనకే వచ్చి కుచ్చిళ్లు ఒకటికి రెండుసార్లు సర్ది, దూరం జరిగి నిలబడింది. "ఈ కాలనీకి కొత్తగా వచ్చినప్పుడు, చుట్టుపక్కల ఎవరి మాటా అర్థంకాక ఏడుస్తూ కూర్చుంటే, ఈయన నన్ను గద్వాల తీసుకెళ్లి కొనిచ్చారు."

"నాకు గుర్తే లేదే" అన్నాడాయన.

"గుర్తుంటే గిన్నెకి ఇచ్చేవారు కాదుగా." పమిట చివర అమ్మాయి భుజం మీద వేసి ఒకసారి తట్టింది. "ఉంచుకోమ్మా. మళ్లీ బీరువాలో పెడితే ఈసారి చెంచాకి ఇచ్చేస్తారు. ఏవండీ, రేపు పొద్దున గద్వాల బస్సు ఎన్నింటికో కనుక్కోండి."

తిరుగుదారిలో ఐదు కొబ్బరికాయలూ కొట్టాను.

పెళ్లికి ఆ దంపతులు వచ్చారు. అమ్మాయి పీటల మీద ఆ చీరలోనే కూర్చుంది. వాళ్లమ్మ వచ్చినవాళ్లందరికీ ఆ దంపతులనే వేలుపెట్టి చూపిస్తోంది. నేను కూడా దుకాణంలోంచి ఒక మంచి నీలంగళ్ల చొక్కా తీసి తొడుక్కుని, భుజాన కండువా వేసుకుని వెళ్లాను. దేవసూగూరు సారు బంతిలో ముందువరుసలో కూర్చుని రెండో భక్ష్యం మీద నెయ్యి పోయించుకుంటున్నాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది. నా నోరు ఊరుకుంటుందా.

"ఏమన్న అనండమ్మా, సారు జేసింది తప్పే. మీరైతే ఆయనకు చెప్పకుండ రుమాలు గూడ ఇయ్యరు."

ఆమె ఒకసారి ఆయన వీపు వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది. తర్వాత ఎవరికీ వినపడకుండా అంది.

"నెమ్మదిగా మాట్లాడు నాయనా. నీ ఒంటిమీదున్న చొక్కా ఎవరిదనుకున్నావు? ఇస్త్రీబండి అతను పోగొట్టాడని ఈయన రెండేళ్లుగా అతనితో మాట్లాడటం లేదు. ఆ కండువా కప్పుకుని, అదిగో, ఆ చివరి బంతిలో కూర్చో."