సుధామయి గొంతులో కెమెరా

సుధామయికి జ్వరం తగ్గింది గానీ, దాంతో పోయిన గొంతు తిరిగి రాలేదు. మొదట చూసిన డాక్టరు నాలుక బయటికి లాగి పట్టుకుని, నోట్లో అద్దం పెట్టి, "ఏదో గడ్డలా ఉన్నట్టుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు కంటిమీద కునుకు లేదు. భర్త రంగనాథ్ యూనివర్సిటీ ఉద్యోగం కోసం అనంతపురం వదిలి వచ్చి, క్యాంపస్ క్వార్టర్స్‌లో పిల్లలకు సంగీతం, సరళీస్వరాలు చెబుతూ బతికిన మనిషి ఆమె. గొంతే లేకపోతే ఇంక ఆమె ఎవరు?

మిగిలిందైనా కాపాడుకుందామని గుసగుసల్లోకి దిగింది. పాలవాడితో గుసగుస, పాఠం గుసగుస. చూసిచూసి రంగనాథ్ కూడా గుసగుసలాడటం మొదలుపెట్టాడు. ఆయన గొంతుకేం రోగమో ఎవరూ అడగలేదు.

తార్నాకలో ఇంకో డాక్టరు, అరుంధతి, ముక్కులో మందు కొట్టి సన్నటి గొట్టం లోపలికి పంపింది. దాని కొసన కెమెరా ఉంది. సుధామయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"అద్దం పెడితే నాలుక పట్టుకోవాలె, మాట్లాడనీకి రాదమ్మా. గొంతు కనపడతది గానీ, ఎట్ల పనిచేస్తదో తెల్వదు. ఇది లోపలుండంగనే మీరు మాట్లాడొచ్చు, పాడొచ్చు."

తెరమీద తడిగా మెరుస్తూ రెండు తెల్లటి మడతలు కనిపించాయి. గడ్డ లేదు. సుధామయికి భయం రెట్టింపయింది. గడ్డయితే కోసి తీస్తారు. ఏమీ లేకుండానే పోయిన గొంతును ఎక్కడని వెతుకుతారు?

"మీ పేరు చెప్పండి."

గుసగుసగా చెప్పింది. మడతల పైనున్న కండ పిడికిలిలా బిగుసుకుని వాటిని కప్పేసింది.

"చూసిన్రా? గుసగుసలాడితే గొంతుకు రెస్ట్ అనుకుంటున్నరు. మీ గొంతు మీరే పిసుక్కుంటున్నరు. 'స' అనండి."

గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అంది. మళ్ళీ గాలే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు పక్కన నిలబడ్డ రంగనాథ్ వైపు తిరిగింది. "సార్, తోడుగ మీరు పాడండి."

"నేనా? మా ఇంట్లో నన్ను పాడనియ్యరు తల్లీ!"

అయినా పాడాడు, పాపం. 'స' ఎలాగో గట్టెక్కాడు. 'రి'ని మాత్రం ఎక్కడికో ఎగరేశాడు.

"కిందికి! రిషభం కిందికి!"

గది ఖంగుమంది. తెరమీద పిడికిలి విడిపోయింది. గొట్టం కొసన కెమెరాతో పాటు మినుకుమినుకుమనే దీపం వెలుగులో రెండు మడతలూ కలుస్తూ విడిపోతూ అలల్లా కదిలాయి. ఆ కేక తనదేనని సుధామయికి ఒక క్షణం తెలియలేదు.

"ఆపకండి సార్" అంది అరుంధతి.

రంగనాథ్ ఆపలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఇంకా ఘోరంగా పాడాడు. ఆమె ప్రతి స్వరాన్నీ తిట్టి దిద్దింది.