కొంగున ముడేసిన మాత్ర

అరవయ్యో దశకం చివర్లో విజయవాడ క్షయ నివారణ కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా చేరాను. రోగులు మందు వాడుతున్నారో లేదో చెప్పాపెట్టకుండా ఇళ్ళకు వెళ్ళి చూడటం నా పని. సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి కార్డు మీద రాసేవాణ్ణి. నా లెక్కకు తిరుగులేదని నాకు మహా నమ్మకం.

కొండపల్లిలో బొమ్మలకు రంగులేసే రత్తమ్మ నా రోగుల్లో ఒకరు. రోజుకు రెండు మాత్రలు. ఎప్పుడెళ్ళినా సీసాలో లెక్క సరిపోయేది. అయినా ఆరు నెలల తర్వాత కూడా దగ్గితే పడే కళ్ళెలో క్రిములు పోలేదు. ఇంకోసారి కనిపిస్తే దూరాన ఉన్న శానిటోరియానికి పంపేస్తానని మా డాక్టరుగారు తేల్చేశారు. ఆమెకు మూడేళ్ళ కూతురు. పిల్లను వదిలి వెళ్ళలేనని రత్తమ్మ ఏడ్చింది.

మర్నాడే పాసింజరెక్కి వెళ్ళి, ఆ రోజు మందు నా ఎదుటే వేసుకోమన్నాను. ఒకటి మింగింది. రెండోది అలవాటుగా పైట కొంగున ముడేసింది. వెంటనే నాలుక కరుచుకుంది.

"ఇది పక్కింటి సూరమ్మక్కదండీ. ఆవిడకీ ఇదే దగ్గు. ఆవకాయ పెట్టినా ఇద్దరం పంచుకునేవాళ్ళం, మందు ఒక్కదాన్నే ఎట్టా మింగనండీ?" అంది.

కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. సగం మందుతో ఇద్దరిలో ఎవరికీ నయం కాదని, పైగా క్రిమి మందుకు లొంగకుండా మొండికెత్తుతుందని చెప్పాను. సూరమ్మ మాత్రం ఆస్పత్రికి రానంది. ఆమెదీ బొమ్మల పనే; అది బొమ్మలు చెక్కే పొనికి చెక్క పొడి వల్ల వచ్చిన దగ్గని బుకాయించింది. ఆమె అసలు భయం వేరు. పిల్లలాడుకునే బొమ్మలకు జబ్బు పేరు తగిలితే కొనేవాళ్ళుండరు. చివరకు రంగులు కొనే మిషతో బెజవాడ తీసుకొచ్చాం. పరీక్షలో జబ్బు తేలింది. ఆమెకూ ఒక కార్డు, ఒక సీసా ఇచ్చాం. రత్తమ్మకు సూదిమందు కూడా చేర్చారు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి ఒకరెదుట ఒకరు మింగేవారు. నా తనిఖీ కంటే అదే గట్టిది. ఏడాదిన్నరకు ఇద్దరి కళ్ళెలోనూ క్రిములు లేవు. రత్తమ్మ పిల్లను వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. డాక్టరుగారు మాత్రం మాత్రలు బాగానే లెక్కపెట్టావు, నోళ్ళు లెక్కపెట్టడం మరిచావని చాలా రోజులు నన్ను ఆటపట్టించారు.

నియమం ప్రకారం రోగి ఇంట్లోవాళ్ళకు దగ్గుందా అని అడిగితే చాలు. రిటైరయ్యేదాకా నేను పక్కింటివాళ్ళ సంగతి అడిగాకే సీసా మూత తీశాను.